కర్నూలులో ప్రైడ్ నడవాలంటే ఎంతమంది కావాలి?

తుంగభద్ర_గాలి | కర్నూలు | జూన్ 3, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఈ వేదికలో ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఏమీ రాయలేదు. నాకు ఇరవై ఏడేళ్ళు. గే. ఇంట్లో తెలియదు.

పోయిన నవంబరులో మొదటిసారి ప్రైడ్‌కు (మాలాంటి గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వాళ్ళ ఊరేగింపుకు) పోయినా, బెంగళూరుకు. హైదరాబాదే దగ్గర, కానీ అక్కడ మాకు చుట్టాలెక్కువ, ఎవరైనా చూస్తారని టెన్షన్. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి మెజెస్టిక్‌లో దిగినా. నడక మొదలయ్యే ముందు బ్యాగులోంచి మాస్క్ తీసి తగిలించుకున్నా. నా పక్కన నడిచిన అబ్బాయి కూడా మాస్కులోనే ఉన్నాడు. రెండు గంటలు పక్కపక్కనే నడిచాం, నినాదాలు ఇచ్చాం. చివర్లో నీళ్ళు తాగడానికని ఇద్దరం మాస్కులు తీశాం. చూస్తే వాడు మా పక్క వీధి! రోజూ ఒకే బంకులో టీ తాగుతాం. 350 కిలోమీటర్లకు పైగా పోయి పక్క వీధివాణ్ణి పరిచయం చేసుకొని వచ్చినా.

అప్పటినుంచి ఒకటే ఆలోచన. ఇక్కడే, రాజ్‌విహార్ నుంచి కొండారెడ్డి బురుజు దాకా నడిస్తే? ఎంతమంది ఉంటే దాన్ని ప్రైడ్ అంటారు? ఇప్పటికి ఇద్దరం ఉన్నాం.

ఉగ్గానిబజ్జి | కర్నూలు | జూన్ 3, రాత్రి 11:15

తమ్ముడూ, తప్పుగా అనుకోవద్దు. ఎవరి బతుకు వాళ్ళది, నాకేం అభ్యంతరం లేదు. కానీ రోడ్డెక్కడం ఎందుకు? మేం ఆలుమగలం ఎప్పుడైనా "మాది ఆడ-మగ జంట" అని ఊరంతా చాటుకుంటూ తిరిగామా? ఇదంతా అమెరికా ఫ్యాషన్. ప్రైడ్ నెలంట, జూన్ వస్తే చాలు, నా ఫోన్లో యాప్‌లన్నీ ఇంద్రధనుస్సు రంగులు పూసుకుంటాయి. జూలై ఒకటికి కడిగేసుకుంటాయి.

ఏడురోడ్లు | కడప | జూన్ 3, రాత్రి 11:31

తిరిగారు అన్నా. మీ పెళ్ళి ఊరేగింపు మర్చిపోయినట్టున్నారు. బ్యాండు మేళం, పెట్రోమాక్స్ లైట్లు, పూల కారు, ఊరంతా ట్రాఫిక్ జామ్. కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర పెళ్ళిళ్ళ సీజన్లో అరగంట ఇరుక్కుపోతా నేను. ఎవరినీ "రోడ్డెక్కడం ఎందుకు" అని అడగలేదు.

జూలై ఒకటికి కడిగేసుకునే యాప్‌ల సంగతి మాత్రం మీరన్నది నిజం.

ఉగ్గానిబజ్జి | కర్నూలు | జూన్ 3, రాత్రి 11:34

సరే, ఆ దెబ్బ తగిలింది 😄 పెట్రోమాక్స్ లైట్లకు నేనింకా మా మామకు బాకీ.

పాత_లెక్చరర్ | అనంతపురం | జూన్ 4, ఉదయం 6:20

ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. సాగదీస్తే మన్నించండి.

జూన్ అమెరికాదే, అది నిజం. 1969 జూన్ 28, అర్ధరాత్రి ఒంటిగంట దాటాక, న్యూయార్క్‌ క్రిస్టఫర్ స్ట్రీట్‌లోని స్టోన్‌వాల్ ఇన్ అనే బార్ మీద పోలీసులు దాడి చేశారు. ఆ బార్ కూడా గొప్పదేం కాదు. మాఫియా నడిపేది. మద్యం లైసెన్సు లేదు. కౌంటర్ వెనక గ్లాసులు కడగడానికి కొళాయి కూడా ఉండేది కాదు. మరి అక్కడికే ఎందుకు పోయేవాళ్ళంటే, ఇద్దరు మగవాళ్ళు కలిసి డాన్స్ చేస్తే ఊరుకునే చోటు అది. దాడులు వాళ్ళకు కొత్త కాదు. లైట్లు వేస్తారు, కార్డులు అడుగుతారు, ఆడబట్టలేసుకున్న వాళ్ళను బాత్‌రూముకు తీసుకుపోయి ఆడో మగో "తనిఖీ" చేస్తారు, కొందరిని వ్యాన్ ఎక్కిస్తారు. మిగిలినవాళ్ళు తల దించుకొని ఇంటిదారి పడతారు. ఆ రాత్రి మాత్రం వదిలిపెట్టిన వాళ్ళు ఇంటికి పోకుండా వీధిలోనే నిలబడ్డారు. జనం చేరారు. ముందు చిల్లర నాణేలు విసిరారు, తర్వాత సీసాలు. చివరికి దాడికొచ్చిన పోలీసులే బార్‌లోకి దూరి తలుపులు బిగించుకున్నారు. గొడవ మరి కొన్ని రాత్రులు నడిచింది.

ఏడాది తిరిగాక, 1970 జూన్ 28న, అదే వీధి దగ్గర మొదలుపెట్టి సెంట్రల్ పార్క్ దాకా ఊరేగింపు తీశారు. పర్మిషన్ కాగితం చేతికొచ్చింది రెండు గంటల ముందు! అనుకున్న సమయంలో సగం కూడా పట్టకుండానే పార్కు చేరిపోయారు. ఉత్సాహం కొంత, ఎవరైనా మీద పడతారేమోనన్న భయం కొంత. దాన్ని నడక అనడం కంటే పరుగు అనడమే న్యాయం.

ఇక తమ్ముడి లెక్క. మన దేశంలో మొదటి ప్రైడ్ నడక 1999 జూలై 2న కోల్‌కతాలో జరిగింది. ఎంతమందో తెలుసా? 15 మంది. పసుపు టీషర్టులు వేసుకొని, రెండు జట్లుగా విడిపోయి, స్వచ్ఛంద సంస్థల ఆఫీసులకూ మానవ హక్కుల కమిషన్‌కూ తిరిగి తమ మాట చెప్పుకొచ్చారు. ప్రైడ్ అనే పేరు కూడా పెట్టలేదు, "ఫ్రెండ్‌షిప్ వాక్" అన్నారు. నువ్వింకా పదమూడు మందిని వెతుక్కోవాలి.

తుంగభద్ర_గాలి | కర్నూలు | జూన్ 4, ఉదయం 8:05

సార్, కోటి జనాభా దాటిన కోల్‌కతాలో పదిహేను మందేనా! అయితే మా కర్నూలుకు ఇద్దరంటే ఎక్కువే అన్నమాట.

ధర్మవరం_మగ్గం | జూన్ 4, మధ్యాహ్నం 1:12

నేను రంగుల మనిషిని, నాదొక అనుమానం. ఇంద్రధనుస్సుకు ఏడు రంగులు కదా. వీళ్ళ ఇంద్రధనుస్సు జెండాకు ఆరే ఉన్నాయేం?

పాత_లెక్చరర్ | అనంతపురం | జూన్ 4, సాయంత్రం 5:40

మొదట ఎనిమిది ఉండేవి. 1978 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఊరేగింపుకు గిల్బర్ట్ బేకర్ అనే ఆయన, పాతిక ముప్పై మంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు కలిసి గుడ్డకు చేత్తో రంగులద్ది కుట్టారు. రంగు కలిపింది చెత్త డబ్బాల్లో. ఎనిమిదింటిలో అన్నిటికంటే పైన ఉన్నది మెరిసే గులాబీ. అదే ఏడాది నవంబరులో, తాను గే అని దాచుకోకుండా ఎన్నికల్లో గెలిచిన హార్వీ మిల్క్‌ను కాల్చి చంపారు. దాంతో జెండాలకు గిరాకీ పెరిగింది. పెద్ద ఎత్తున తయారు చేయబోతే ఆ గులాబీ గుడ్డ దొరకలేదు, తీసేశారు. ఏడు మిగిలాయి. మరుసటి ఏడాది సరిసంఖ్య కోసం ఇంకొకటి తగ్గించారు.

ధర్మవరం_మగ్గం | జూన్ 4, సాయంత్రం 6:02

రాణీ కలర్ దొరకలేదా!! మా దగ్గరికి వచ్చుంటే బేళ్ళకు బేళ్ళు పంపేవాళ్ళం. పెళ్ళి చీరల్లో మాకు అన్నిటికంటే ఎక్కువ పోయేది అదే.

ఉగ్గానిబజ్జి | కర్నూలు | జూన్ 4, రాత్రి 9:18

చరిత్ర బాగుంది సార్. కానీ నా అసలు ఇబ్బంది ఇంకోటి. టీవీలో చూపించే ఊరేగింపుల్లో సగం బట్టలు, ముఖాలకు రంగులు, గంతులు. శుభ్రంగా ఇస్త్రీ చొక్కా వేసుకొని పది మంది కలెక్టరాఫీసుకు పోయి అర్జీ ఇస్తే ఎవరు కాదంటారు? గౌరవంగా ఉంటే గౌరవం దొరుకుతుంది కదా.

ఏడురోడ్లు | కడప | జూన్ 4, రాత్రి 10:03

అది చేసి చూశారన్నా, అయిదేళ్ళు.

స్టోన్‌వాల్ కంటే ముందు, 1965 నుంచి 1969 దాకా, ప్రతి జూలై 4న ఫిలడెల్ఫియాలో స్వాతంత్ర్య భవనం ముందు కొంతమంది ప్లకార్డులు పట్టుకొని వరసగా తిరిగేవాళ్ళు. "మాకింకా హక్కులు లేవని గుర్తు చేస్తున్నాం" అని. దానికి నాయకత్వం వహించిన వాళ్ళలో ఫ్రాంక్ కామెనీ ఒకరు. గే అని తెలిసి ప్రభుత్వ ఉద్యోగంలోంచి తీసేసిన ఖగోళ శాస్త్రవేత్త. ఆయనా మీలాగే అన్నాడు: మగవాళ్ళు కోటు, టై, ఆడవాళ్ళు గౌను. ఉద్యోగం కావాలంటే ఉద్యోగానికి తగ్గట్టు కనపడాలి. చేతులు పట్టుకోవడం లేదు, కబుర్లు లేవు. ఎండలో కోట్లు వేసుకొని చెమటలు కక్కుతూ తిరిగారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1969లో, స్టోన్‌వాల్ జరిగిన వారానికి, ఆ వరసలో ఇద్దరు ఆడవాళ్ళు చేయీచేయీ పట్టుకున్నారు. కామెనీ వచ్చి ఆ చేతులు విడదీశాడు. క్రెయిగ్ రాడ్‌వెల్ అనే కుర్రాడికి ఒళ్ళు మండింది. ఆ నవంబరులో జరిగిన సమావేశంలో ఆయనా, మిత్రులూ కలిసి ఒక తీర్మానం పెట్టించారు: ఇకమీదట ఈ ప్రదర్శన జూన్‌లో, న్యూయార్క్‌లో, బట్టలకూ వయసుకూ ఏ నియమం లేకుండా జరుగుతుంది. సార్ చెప్పిన 1970 నడక అందులోంచి పుట్టిందే. అంటే ఆ "గంతులు" పొరపాటున వచ్చినవి కావు, ఓటు వేసి తెచ్చుకున్నవి.

నాకు ఆ విడదీసిన చేతుల సంగతి చదివినప్పుడల్లా మనసు అదోలా అయిపోతుంది. నేను, నా స్నేహితురాలు కడపలో చేతులు పట్టుకొని ఎంత దూరమైనా నడవొచ్చు. అక్కాచెల్లెళ్ళనుకుంటారు. ఇల్లు అద్దెకిచ్చిన ఆంటీ కూడా అలాగే అనుకుంటోంది. ఆడవాళ్ళకు ఇదొక సుఖం, ఇదే కష్టం. ఎవరికీ అనుమానం రాదు, ఎవరి లెక్కలోనూ ఉండం.

చప్పట్లు | కర్నూలు | జూన్ 5, ఉదయం 7:50

నాకు చదువు ఎనిమిదో తరగతి. ఫోన్లో మాట్లాడితే అదే టైపు చేస్తాది. తప్పులుంటే సర్దుకోండి.

పొద్దున్నించి మీరు రాసిందంతా మా పిల్ల చదివి వినిపించినాది. మాస్కు పెట్టుకొని నడిచినాం, తీసి నడిచినాం అంటున్నారు. నేను రోజూ నడుస్తా నాయనా. పాతబస్టాండు కాడ మొదలుపెట్టి ప్రతి షాపు మెట్టూ ఎక్కి దిగుతా. చీర కట్టుకొని, పూలు పెట్టుకొని, ముఖం కప్పుకోకుండా. ఇరవై రెండేళ్ళు అయినాది. దాన్ని ఎవరూ ప్రైడ్ అనలేదు. పది రూపాయలు చేతిలో పెట్టి పొమ్మన్నారు.

ఇంకొక మాట. మీ మగపిల్లోళ్ళు కొందరు నాకు తెలుసు. ఎవరెవరో కూడా తెలుసు. మేము ఎదురొస్తే ఫోన్ చూసుకుంటా పక్కకు తిరుగుతారు, యాడ పలకరిస్తామో అని. మీరు నడిచేటప్పుడు మమ్మల్ని పిలుస్తారా, లేకుంటే మేముంటే మీ పరువు పోతాదా?

తుంగభద్ర_గాలి | కర్నూలు | జూన్ 5, ఉదయం 9:22

అక్కా, అలా పక్కకు తిరిగినవాళ్ళలో నేనూ ఉన్నా. పార్కు రోడ్డులో, రెండేళ్ళ క్రితం. మీరే అయ్యుండొచ్చు, ఇంకెవరైనా అయ్యుండొచ్చు. ముఖం చూడలేదు కాబట్టి నాకు తెలియదు. క్షమించండి.

చప్పట్లు | కర్నూలు | జూన్ 5, ఉదయం 9:40

సరేలే. భయం ఎవరికి లేదు.

పాత_లెక్చరర్ | అనంతపురం | జూన్ 5, ఉదయం 11:15

అమ్మా, మీ ప్రశ్నకు 1973లోనే ఒక ఉదాహరణ ఉంది, మంచి ఉదాహరణ కాదు. స్టోన్‌వాల్ రోజుల్లోని పేర్లలో ఈరోజు అందరూ మొదట తలుచుకునేవి మార్షా పి. జాన్సన్, సిల్వియా రివేరా. ఇద్దరూ మీలాంటివాళ్ళే. వీధిలో బతికినవాళ్ళు. ఇల్లులేని పిల్లలను చేరదీసి గది అద్దెకు తీసుకొని పెట్టుకున్నారు. 1973 ఊరేగింపు తర్వాత వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో సభ పెడితే సిల్వియాకు మైకు ఇవ్వడానికి ఇష్టపడలేదు. ఆమె బలవంతంగా వేదిక ఎక్కింది. జైళ్ళలో మగ్గుతున్న మనవాళ్ళ గురించి మాట్లాడుతుంటే కింద ఉన్న తనవాళ్ళే ఈలలు వేసి గోల చేశారు. నాలుగేళ్ళు కూడా తిరగలేదు చూడండి. ఆ సభ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. నేనైతే రెండోసారి చూడలేకపోయాను.

ఉగ్గానిబజ్జి | కర్నూలు | జూన్ 5, మధ్యాహ్నం 2:30

ఒక విషయం చెప్పాలి. మా మేనమామ ఒకాయన తిరుపతి గంగమ్మ జాతరలో చీర కట్టి, బొట్టు పెట్టి, మీసంతోనే మొక్కు తీర్చుకున్నాడు. ఫోటో మా ఇంట్లో ఇప్పటికీ ఫ్రేములో ఉంది. ఎవరం నవ్వలేదు, దండం పెట్టాం. అంటే ఇది మనకూ కొత్త కాదు కదా?

ఏడురోడ్లు | కడప | జూన్ 5, మధ్యాహ్నం 3:04

బాగుంది అన్నా, కానీ అక్కడ కొంచెం జాగ్రత్త. మీ మామ జాతర అయ్యాక చీర విప్పి లుంగీ కట్టుకొని ఇంటికొచ్చారు. మొక్కు వేరు, బతుకు వేరు. "మన సంస్కృతిలో ఎప్పుడూ ఉంది" అనేది వినడానికి హాయిగా ఉంటుంది. ఆ హాయిలో పై అక్క పది రూపాయల సంగతి మర్చిపోతాం. జాతరలో చీర కట్టిన మగవాడికి దండం పెట్టిన చేతులే మర్నాడు అక్కను మెట్లు దిగమంటాయి.

నల్లకోటు | కర్నూలు | జూన్ 5, రాత్రి 8:45

కోర్టు పనుల్లో ఉండి ఆలస్యంగా చూశాను. రెండు ముక్కలు.

"అమెరికా ఫ్యాషన్" అనే మాటకు: విదేశం నుంచి వచ్చింది 377, అంటే ఇలాంటి సంబంధాలను నేరం చేసిన సెక్షన్. 1860లో ఇంగ్లిష్‌వాళ్ళు రాసిన శిక్షాస్మృతిలోది, మెకాలే కాలంలో మొదలైన చిత్తుప్రతి. దాన్ని పక్కన పెట్టడానికి ఎంత తిరగాల్సి వచ్చిందో చూడండి. 1992 ఆగస్టులో ఢిల్లీ పోలీస్ హెడ్‌క్వార్టర్స్ ముందు ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే సంస్థవాళ్ళు ధర్నా చేశారు. 1994లో వాళ్ళే కోర్టుకెక్కారు. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఊరటనిచ్చింది. (కోల్‌కతా పదిహేను మంది నడిచి సరిగ్గా పదేళ్ళు. తేదీలు కావాలని కలిపినట్టున్నాయి.) 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2014 ఏప్రిల్ 15న అదే కోర్టు ట్రాన్స్‌జెండర్లకు తమ జెండర్ తామే చెప్పుకునే హక్కుందని గుర్తించింది. కొన్నేళ్ళు వీళ్ళది విచిత్రమైన పరిస్థితి: మనిషిగా గుర్తింపు ఉంది, ప్రేమిస్తే నేరం. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా ఆ ముడి విప్పారు. ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళ మధ్య జరిగేది నేరం కాదని. వాళ్ళలో ఇందూ మల్హోత్రా గారు చరిత్ర వీళ్ళకు క్షమాపణ చెప్పాలని రాశారు.

పెళ్ళి మాత్రం కాలేదు. 2023 అక్టోబరు 17న, అది పార్లమెంటు తేల్చాల్సిన విషయమన్నారు. మరుసటి ఏడాది ఆగస్టులో కేంద్రం బ్యాంకుల్లో జాయింట్ ఖాతా తెరవడానికి అడ్డంకి లేదని వివరణ ఇచ్చింది. కాబట్టి మన వాళ్ళకు ప్రస్తుతం కలిసి డబ్బు దాచుకోవచ్చు, కలిసి బతికామని కాగితం మాత్రం ఉండదు.

ఇక నడక పర్మిషన్. పేపర్లో "30 పోలీస్ యాక్ట్ అమల్లో ఉంది" అని తరచూ చూస్తుంటారు కదా. అది 1861 చట్టం, 377కు ఒక్క ఏడాది తమ్ముడు. ఊరేగింపు, మైకు, బ్యానర్ అంటే ముందుగా అర్జీ పెట్టాలి. ఏ రోడ్డు, ఎన్ని గంటలకు, ఎంతమంది, బాధ్యుడెవరు అని రాసివ్వాలి. ఆ "బాధ్యుడెవరు" దగ్గరే మన వాళ్ళకు చేయి ఆగిపోతుంది. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు ఇవ్వాలి.

పాత_లెక్చరర్ | అనంతపురం | జూన్ 5, రాత్రి 9:10

ఒక చిన్న సవరణ లాంటి చేర్పు. 1800లో నిజాం మన దత్త మండలాలను ఈస్టిండియా కుంఫిణీకి రాసిచ్చాడు. కర్నూలు నవాబు మరి కొన్నాళ్ళు నిలిచాడు, 1839లో ఆయన్నూ దించేశారు. కాబట్టి మనకు 377 మద్రాసు ప్రెసిడెన్సీ దారిన వచ్చింది. నిజాం ఏలుబడిలో మిగిలిన తెలంగాణలో ఇంకో చట్టం చేశారు. ఆడబట్టల్లో వీధిలో కనపడితే వారెంటు లేకుండా పట్టుకునే చట్టం. దాన్ని అక్కడి హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో. అంతదాకా పుస్తకంలో ఉంది!

తుంగభద్ర_గాలి | కర్నూలు | జూన్ 6, రాత్రి 10:15

బాధ్యుడి దగ్గర నా చేయి కూడా ఆగింది సార్. ఒప్పుకుంటున్నా.

పేరు గురించి కూడా కొట్టుకుంటున్నాం మేమిద్దరం. ప్రైడ్ అంటే గర్వం అని రాస్తే మన దగ్గర "వీడికి గర్వం తలకెక్కింది" అన్నట్టుంటుంది. ఆత్మగౌరవం అంటే ఏదో పార్టీ మీటింగ్ అనుకొని జెండాలు మోసేవాళ్ళొస్తారు.

ఏడురోడ్లు | కడప | జూన్ 6, రాత్రి 10:28

2013 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మొదటిసారి నడిచినప్పుడు "స్వాభిమాన యాత్ర" అన్నారు. నాకు ఆ మాట నచ్చుతుంది. కొంచెం పుస్తకం వాసన వేస్తుంది, అయినా తిట్టులా లేదు.

నెల గురించి కూడా ఆలోచించుకోండి. ఢిల్లీవాళ్ళు జూన్‌లో మొదలుపెట్టి నవంబరుకు మార్చుకున్నారు. బెంగళూరు నవంబరు. చెన్నై మాత్రం జూన్‌లోనే చేస్తుంది, మా కడప నుంచి అక్కడికి పోయేవాళ్ళున్నారు. అనంతపురం వాళ్ళు బెంగళూరుకు, కర్నూలు వాళ్ళు హైదరాబాద్‌కు. సీమ మొత్తం మూడు ఊళ్ళకు చెల్లాచెదురైపోయి, ఒకరికొకరు ఎప్పటికీ తగలం.

తుంగభద్ర_గాలి | కర్నూలు | జూన్ 8, రాత్రి 11:02

ఈ మూడు రోజుల్లో ఇన్‌బాక్స్‌కు ఏడుగురు రాశారు. నంద్యాల నుంచి ఒకరు, ఆదోని నుంచి ఇద్దరు, మిగతా అందరూ కర్నూలే. ఒకమ్మాయి "మీ బంకు దగ్గరే నేనూ టీ తాగుతా" అని రాసింది. ఆ టీ బంకు వాడికి ఏమీ తెలియదు పాపం.

మేమిద్దరంతో కలిపి తొమ్మిది. బ్యానర్ వద్దు, ఫోటోలు వద్దు, మైకు వద్దు. ఈ ఆదివారం సాయంత్రం ఆరున్నరకు, ఎండ తగ్గాక, రాజ్‌విహార్ దగ్గర కలిసి బురుజు దాకా. నల్లకోటు గారూ, దీనికీ అర్జీ కావాలా?

నల్లకోటు | కర్నూలు | జూన్ 8, రాత్రి 11:20

తొమ్మిది మంది సాయంత్రం షికారుకు పోతే పర్మిషన్ ఎవరడుగుతారు? బ్యానర్ పట్టుకునే రోజు వస్తే చెప్పండి, అర్జీ నేను రాస్తా. బాధ్యుడి గడిలో నా పేరు పెట్టుకోండి. నా అడ్రసు ఎలాగూ కోర్టులో అందరికీ తెలుసు.

ఉగ్గానిబజ్జి | కర్నూలు | జూన్ 9, ఉదయం 7:05

నేను నడవను. నా మాటల్లో కొన్ని ఇంకా నాకు నిజమే అనిపిస్తున్నాయి. కానీ ఆ టైముకు బురుజు దగ్గర ఉంటా. మిర్చి బజ్జీ, టీ నా ఖర్చు. తొమ్మిది మందికేనా, ఇంకెవరైనా ఉన్నారా? ముందే చెప్తే బండివాడికి చెప్పుకుంటా.

తుంగభద్ర_గాలి | కర్నూలు | జూన్ 9, ఉదయం 8:30

చప్పట్లు అక్కా, మీరు వస్తారా? మీరు ముందు నడవండి. మాకు దారి అలవాటు లేదు.

చప్పట్లు | కర్నూలు | జూన్ 9, ఉదయం 10:12

వస్తా. మా పిల్ల కూడా వస్తాది, పదకొండు అని చెప్పుకో బజ్జీలకు. ముఖం చూపించను అనేవాళ్ళుంటే సిగ్గుపడొద్దని చెప్పు. కరోనా నాటి మాస్కులు డబ్బా నిండా ఉండాయి ఇంట్లో, తెస్తా.

ధర్మవరం_మగ్గం | జూన్ 9, ఉదయం 10:31

రాణీ కలర్ గుడ్డ ముక్కలు పదకొండు కొరియర్ చేస్తున్నా. జేబు రుమాలంత సైజు. జేబులోనే పెట్టుకోండి, ఎవరికీ కనపడవు. అడ్రసు ఇన్‌బాక్స్‌లో పెట్టు తమ్ముడూ.